వాడిన నూనె కడుపులోకా? ఇంజనులోకా?

సూర్యాపేట: హైదరాబాద్ - విజయవాడ 65వ నంబరు జాతీయ రహదారిపై వెళ్లే బస్సులు, కార్లు అల్పాహారానికి ఆగే ప్రధాన మజిలీ సూర్యాపేట. అదే దారిలో ఆంధ్రప్రదేశ్ సరిహద్దుకు ముందు వచ్చే పట్టణం కోదాడ. ఇక మిర్యాలగూడలో బియ్యం మిల్లుల హమాలీలు, లారీ డ్రైవర్లను నమ్ముకొని టిఫిన్ బండ్లు నడుస్తున్నాయి. పూరీలు, గారెలు, పునుగులు, మిర్చి బజ్జీలు వేగని పూట ఈ మూడు పట్టణాలలో లేదు. అవి వేగిన తర్వాత మూకుడులో మిగిలే నల్లటి నూనె ఎక్కడికి పోతోందన్నది మాత్రం ఎవరికీ పట్టడం లేదు.

ఆ నూనెతో వాహనాలకు పనికివచ్చే బయోడీజిల్ తయారవుతుంది. దానికి గిరాకీ ఉంది. నిబంధనలు కూడా ఉన్నాయి. చిన్న పట్టణాలలో పది డబ్బాల నూనెను పోగుచేసి, గిట్టుబాటు ధర చెల్లించే ఏర్పాటే లోపించింది.

నిబంధన ఎవరికి?

నూనెను పదేపదే కాచినకొద్దీ అందులో ధ్రువ సమ్మేళనాలు అనే హానికర పదార్థాలు పెరుగుతాయి. ఇవి 25 శాతం దాటిన నూనెను వంటకు వాడరాదన్న నిబంధన 2018 జూలై 1 నుంచి అమలులోకి వచ్చింది. ఇటువంటి నూనె రక్తపోటుకు, రక్తనాళాలు గట్టిపడటానికి, కాలేయ వ్యాధులకు దారితీయగలదని భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ హెచ్చరించింది. వాడిన నూనెను సేకరించి బయోడీజిల్ తయారీకి మళ్లించే పథకాన్ని అదే సంవత్సరం ఆగస్టు 10న, ప్రపంచ జీవ ఇంధన దినోత్సవం నాడు ప్రారంభించింది. 2022 నాటికి దేశంలో 220 కోట్ల లీటర్ల నూనెను ఈ విధంగా సేకరించే అవకాశముందని అప్పట్లో అంచనా వేసింది.

రోజుకు 50 లీటర్లకు మించి నూనె వాడేవారు లెక్కలు రాసి, వాడిన నూనెను అనుమతి పొందిన సేకరణదారులకే అప్పగించాలన్న ఆదేశం 2019 మార్చి 1 నుంచి అమలులో ఉంది. అయితే ఈ పరిమితిలోకి వచ్చేవి రహదారి వెంట ఉన్న పెద్ద హోటళ్లు, మిఠాయి తయారీ కేంద్రాలే. బజ్జీల బండి దీని కిందికి రాదు. అక్కడ నూనె మిగలడమన్నది కూడా అరుదు. తరిగినంత మేరకు కొత్త నూనె పోస్తూ, పాతదాన్ని అడుగంటేవరకు వాడుతూనే ఉంటారు. పెద్ద హోటళ్లలో మిగిలిన నూనె చౌకగా చిన్న దుకాణాలకు, బండ్లకు చేరుతున్న తీరు దేశమంతటా ఉన్నదని ఆహార భద్రత సంస్థే పేర్కొంది.

తయారీ ఇలా...

వడపోసి తేమ తొలగించిన నూనెలో మిథనాల్, కొద్దిపాటి కాస్టిక్ సోడా వంటి క్షారం కలిపి తగిన వేడిలో కలియబెడతారు. కొంతసేపటికి బరువైన గ్లిజరిన్ అడుగుకు దిగుతుంది. పైన తేలే దానిని శుద్ధిచేస్తే బయోడీజిల్ అవుతుంది. స్థూలంగా 100 లీటర్ల నూనెకు దాదాపు అంతే ఇంధనం వస్తుంది. పలుమార్లు కాచిన నూనెలో ఆమ్లాలు ఎక్కువ కనుక నేరుగా క్షారం కలిపితే సబ్బు నురగ ఏర్పడుతుంది. అటువంటి నూనెను ముందుగా వేరే ప్రక్రియతో సరిచేయాలి.

ఇది ఇంటి పెరట్లో చేయదగిన పని కాదు. మిథనాల్ విషపదార్థం, పైగా సులువుగా మండుతుంది. వాడిన నూనెను ఉన్నదున్నట్లుగా ట్రాక్టరులోనో, పంపుసెట్టులోనో పోస్తే ఇంజెక్టర్లు పూడుకుపోయి ఇంజను చెడిపోతుంది.

ధర వద్దే చిక్కు

అసలు చిక్కుముడి ధరలో ఉంది. 2019లో చమురు కంపెనీలు వాడిన నూనెతో చేసిన బయోడీజిల్‌కు తొలి ఏడాది లీటరుకు 51 రూపాయలు ప్రకటించాయి. సేకరణ, రవాణా, తయారీ ఖర్చులు అందులోనుంచే రావాలి. అంటే హోటలు యజమానికి దక్కేది అంతకన్నా తక్కువే. మరోవైపు వంటనూనె ధర పెరిగినకొద్దీ పాత నూనెకు బండ్ల వద్ద గిరాకీ పెరుగుతుంది. యుద్ధం కారణంగా 2022లో నూనెల ధరలు మండిపోయినప్పుడు ఈ తేడా మరింత పెరిగింది. ఇంధనానికి ఇచ్చే ధర బండివాడు ఇచ్చే ధరను మించనంత కాలం నూనె కడుపులోకే పోతుంది. తనిఖీలు ఒక్కటే దీనిని ఆపలేవు.

2030 నాటికి డీజిల్‌లో 5 శాతం బయోడీజిల్ కలపాలని 2018 జాతీయ విధానం లక్ష్యంగా పెట్టుకుంది. 2024 నాటికి అది ఒక శాతానికైనా చేరలేదు. బయోడీజిల్‌పై 12 శాతంగా ఉన్న జీఎస్టీని, చమురు కంపెనీలకు అమ్మేదానికి 2021లో 5 శాతానికి తగ్గించినా సేకరణ ప్రధానంగా నగరాలకే పరిమితమైంది. అంతర్జాతీయ విమానాల ఇంధనంలో 2027 నుంచి ఒక శాతం జీవ ఇంధనం కలపాలన్న లక్ష్యం ఉన్నందున, ఇదే నూనెకు రానున్న రోజులలో పోటీ పెరగనుంది. అది మన పట్టణాలకు అందివచ్చే అవకాశమే.

అనుభవం మన వద్దే ఉంది

చెత్త విషయంలో సూర్యాపేట ఒకప్పుడు దేశానికే దారి చూపింది. 2000 దశకం తొలి సంవత్సరాలలో అప్పటి మున్సిపల్ కమిషనర్ ఖాదర్ సాహెబ్ హయాంలో ఇంటింటికీ ట్రాక్టరు పంపి తడి, పొడి చెత్తను వేర్వేరుగా సేకరించారు. వీధుల్లో కుండీల అవసరమే లేకుండా చేశారు. ఎరువు, పొడి చెత్త అమ్మకంతో పురపాలక సంఘానికి ఆదాయం కూడా వచ్చింది. ఇంటింటి చెత్త సేకరించగలిగిన ఊరికి హోటళ్ల నూనె సేకరించడం అసాధ్యం కాదు.

లెక్క చూద్దాం. మూడు పట్టణాలలో కలిపి వంద దుకాణాలు రోజుకు రెండు లీటర్ల చొప్పున ఇచ్చినా నెలకు 6 వేల లీటర్లు పోగవుతాయి. ఒక్కొక్క పట్టణం నుంచి తయారీదారు లారీ పంపడం దండుగ కావచ్చు. మూడూ కలిస్తే ఆ బేరం కుదురుతుంది. సేకరణను మహిళా పొదుపు సంఘాలకు అప్పగించి, సూర్యాపేటలో ఒక నిల్వ కేంద్రం ఏర్పాటు చేసి, కొనుగోలు ధరను దుకాణదారులకు ముందే తెలియజేయాలి. మిర్యాలగూడ నల్లగొండ జిల్లాలో, మిగిలిన రెండు పట్టణాలు సూర్యాపేట జిల్లాలో ఉన్నందున రెండు జిల్లాల యంత్రాంగాలు కలిసి కూర్చోవలసి ఉంటుంది. నూనె నాణ్యతను అక్కడికక్కడే చూపే మీటరును ఆహార తనిఖీ అధికారులకు సమకూర్చాలి.

పాత నూనె పారబోయమంటే నష్టపోయేది బండివాడే. దానికి ధర కట్టి కొత్త నూనె కొనుక్కునే వీలు కల్పిస్తే బండి నిలుస్తుంది, తినేవారి ఆరోగ్యమూ నిలుస్తుంది. అధికారులు మొదట తేల్చవలసింది ఆ ధరనే.