బోరు రైతుది, నీళ్లు ఊరివి!

గ్రామ ప్రజలారా! బోర్లున్న రైతన్నలారా! బిందెలు మోసే అక్కచెల్లెళ్లారా!

ఎండలు ముదిరాయి. పంచాయతీ బోరు గాలి కొడుతోంది. ఓవర్‌హెడ్ ట్యాంకు అడుగంటింది. అనంతపురం, శ్రీసత్యసాయి జిల్లాల పల్లెల్లో ఇక జరగబోయేది మనకు తెలియనిది కాదు. ఊరి చుట్టూ వెతికి, నీళ్లున్న చీనీ తోట రైతును బతిమాలి, ఆయన బోరును వేసవి గడిచేదాకా అద్దెకు మాట్లాడతారు. పైపు కుదిరితే పైపు, లేకపోతే ట్యాంకరు. వానలు పడగానే అందరం మరిచిపోతాం. వచ్చే ఎండాకాలం మళ్లీ అదే రైతు, అదే బతిమాలుడు. నీళ్లు మాత్రం ఇంకా లోతుకు దిగిపోయి ఉంటాయి.

అద్దె బోరు వద్దని మేం అనడం లేదు. ఈ వేసవిలో గొంతు తడవాలంటే అది తప్పదు. కానీ ఊరి దాహం ఎవరో ఒకరి నోటిమాట మీద, ఎవరో ఒకరి దయ మీద నడవడం ఇక వద్దంటున్నాం. బోరిచ్చిన రైతుకు న్యాయమైన అద్దె వేళకు ముట్టాలి. ఆ నీళ్లు ఊళ్లో ప్రతి గడపకూ హక్కుగా అందాలి. ఈ రెండూ గ్రామసభలో తీర్మానమై కాగితం మీదికెక్కాలి.

ముందు రైతు సంగతి చూద్దాం. 800 అడుగులు, 1000 అడుగులు వేయించి, దుమ్ము తప్ప ఏమీ రాక అప్పుతో మిగిలిపోయినవాళ్లు మన ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. ఏదో ఒక బోరులో నీళ్లు పడితే ఇంటిల్లిపాదీ దాని మీదే ఆశ పెట్టుకుంటారు. చీనీ మొక్క కాపుకు రావడానికే ఏళ్లు పడుతుంది. ఒక్క ఎండాకాలం తడి తప్పితే ఆ ఏళ్ల కష్టమంతా ఎండుపుల్లలవుతుంది. అంత విలువైన నీటిని ఊరికి వదిలిన మనిషికి మనం చేస్తున్నదేమిటి? అద్దె బిల్లు మండలం నుంచి జిల్లాకు, జిల్లా నుంచి ఖజానాకు తిరుగుతూనే ఉంటుంది. వేసవిలో ఇచ్చిన నీళ్లకు సంక్రాంతి దాటినా డబ్బు చేతికి రాని రైతులున్నారు. పక్కనే ప్రైవేటు ట్యాంకరు ఆసామి ట్రిప్పు నిండగానే రొక్కం లెక్కపెట్టి ఇస్తున్నాడు. రైతు అటు మొగ్గాడని తిట్టే ముందు, ఆయనకు మనం పడ్డ పాత బాకీ ఎంతో పంచాయతీలో అడగండి.

రైతన్నలారా, మీతోనూ ఒక మాట. బోరు మీది. కేసింగు, మోటారు, కేబులు, వాటి కోసం తెచ్చిన అప్పు అన్నీ మీవే. కాదనేవారు లేరు. అయితే అంత లోతున ఉన్న నీటికి సర్వే నంబర్లు లేవు, హద్దురాళ్లు లేవు. ఊరి చెరువు నిండితే, వంక పారితే, బీళ్లలో కురిసిన వాన ఇంకితేనే మీ బోరుకు ఊట. ఆ నీటిని పైకి తోడే కరెంటు 2004 నుంచి ఉచితం. దాని ఖర్చు మోస్తున్నది అందరి పన్నులతో నిండిన ఖజానా. తన నేల కింది నీటిని తోడుకునే హక్కు భూమి యజమానిదని తెల్లదొరల కాలంలో, 1882లో, ఈజ్‌మెంట్స్ చట్టం రాసింది. కానీ కాలుష్యం లేని నీరు జీవించే హక్కులో భాగమని 1991లో మన సుప్రీంకోర్టు చెప్పింది. భూగర్భ జలాన్ని అందరి ఉమ్మడి వనరుగా చూడాలని 2012 జాతీయ జల విధానం చెప్పింది. తోట తడపడానికి ముందు ఊరి గొంతు తడవాలి. ఈ ధర్మం పల్లెటూరి మనిషికి ఒకరు నేర్పాల్సిన పని లేదు. అడిగిన ప్రతి వేసవీ కాదనకుండా ఇచ్చిన రైతులే అందుకు సాక్షి.

నీరు, భూమి, చెట్ల రక్షణ కోసం తెచ్చిన వాల్టా చట్టం 2002 నుంచి అమలులో ఉంది. జనం తాగే పంచాయతీ బోరుకు 250 మీటర్ల లోపల అనుమతి లేకుండా కొత్త బోరు వేయకూడదని అది చెబుతోంది. ఈ సంగతి మనలో ఎందరికి తెలుసు? రాత్రిపూట రిగ్గు బండి వచ్చి, తెల్లారేసరికి బోరు వేసి వెళ్లిపోతుంది. నెల తిరక్కుండానే పంచాయతీ బోరులో నీళ్లు తగ్గుతాయి. ఆ తరువాత మన బోరును ఎండబెట్టిన ఆ కొత్త బోరునే మనం అద్దెకు తీసుకుంటాం! రిగ్గు బండి వచ్చిన రోజే తహసీల్దారుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. నీళ్లు పోయాక ఎంత మొరపెట్టుకున్నా ఫలితం ఉండదు.

ఇప్పుడు లెక్క చూడండి. 2019లో మొదలైన జల్‌జీవన్ మిషన్ ప్రకారం మనిషికి రోజుకు 55 లీటర్లు అందాలి. 2,000 మంది ఉన్న ఊరికి లక్షా పది వేల లీటర్లు కావాలి. 5,000 లీటర్ల ట్యాంకరయితే రోజుకు 22 ట్రిప్పులు. మీ ఊరికి ఎన్ని వస్తున్నాయి? గంటకు 10 వేల లీటర్లు పోసే మంచి బోరు దొరికిందనుకున్నా, అది 11 గంటలు తిరగాలి. వ్యవసాయ సర్వీసుకు ఇచ్చే త్రీఫేజ్ కరెంటు 9 గంటలు. కాబట్టి ఒక్క రైతు నెత్తిన ఊరంతటి భారం పెట్టి చేతులు దులుపుకుంటే కుదరదు. రెండు మూడు బోర్లను వంతులవారీగా తీసుకోవాలి. తాగునీటికి పెట్టిన బోరుకు వేసవి మూడు నెలలు కరెంటు వేళలు పెంచాలని విద్యుత్ శాఖను పంచాయతీ అడగాలి.

నీళ్లు వస్తే చాలని మనం వదిలేస్తున్న సంగతి ఒకటుంది. అద్దె బోరు దగ్గరికి పోయి ఒకసారి దగ్గర నుంచి చూడండి. మోటారు నుంచి వచ్చే పైపుకు డ్రిప్పు లైనుంటుంది. ఆ లైనుకే నీలం డ్రమ్ములో కలిపిన యూరియా, పొటాషు నీళ్లు ఎక్కించే గొట్టం ఉంటుంది. కరెంటు టక్కున పోతే నీళ్లు వెనక్కి లాగుతాయి. వెనక్కి రాకుండా ఆపే వాల్వు లేకపోతే ఆ మందునీళ్లు మన బిందెలోకే వస్తాయి. పైగా బోరు నీటిని ఓవర్‌హెడ్ ట్యాంకుకు ఎక్కించకుండా నేరుగా వీధి కొళాయిలకు వదిలితే బ్లీచింగు కలిసే చోటే ఉండదు. ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు, నైట్రేటు 45 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రమాణాలున్నాయి. లోతు పెరిగేకొద్దీ ఫ్లోరైడ్ భయం పెరుగుతుందని మన పక్క ఊళ్లలో గారపట్టిన పిల్లల పళ్లు చూస్తే తెలుస్తుంది. పరీక్ష చేయించని బోరు నీళ్లు ఒక్క రోజు కూడా ఊరికి వదలకూడదు. పరీక్ష కాగితం పంచాయతీ గోడకు అంటించాలి. తాగే నీళ్లు వెళ్లినన్నాళ్లూ ఎరువుల గొట్టం విప్పి పక్కన పెట్టాలి.

ఇక చాలామంది పైకి అనని మాట మేం అంటాం. స్టార్టరు పెట్టె ఉన్న షెడ్డుకు తాళం రైతుదే. గట్టు రైతుదే. ఆ గట్టు మీదికి ఎవరు రావచ్చు, ఎవరు దూరంగా నిలబడాలి అన్నది కూడా అక్కడే తేలిపోతోంది. కరెంటు వచ్చేదాకా ఎండలో నిలబడి, అందరూ పట్టుకున్నాక చివరి బిందె పట్టుకునేది ఎస్సీ కాలనీ ఆడవాళ్లే. ప్రజల డబ్బుతో అద్దె కట్టిన బోరు దగ్గర ఇది సాగనివ్వకూడదు. మహారాష్ట్రలోని మహాడ్ ఊరిలో దళితులను రానివ్వని చవదార్ చెరువు నీళ్లు తాగడానికి అంబేడ్కర్ వేలాది మందితో కదిలింది 1927 మార్చి 20న. ఆ చెరువు తమ సొంతమనీ, ముందునుంచీ తమకే చెల్లుతుందనీ అగ్రకులాల వారు కోర్టుకెక్కారు. ఆ వాదన వీగిపోయి బొంబాయి హైకోర్టు తీర్పు వచ్చేసరికి 1937 అయింది. గుక్కెడు నీళ్ల కోసం పదేళ్లు! అందుకే మేం గట్టిగా అడుగుతున్నాం: అద్దె బోరు నీళ్లు పొలం గట్టు మీద పంచొద్దు. పైపు వేసి ఊరి ట్యాంకుకు ఎక్కించాలి, కాలనీ కొళాయికి ముందుగా వదలాలి. ట్యాంకరయితే మొదటి ట్రిప్పు కాలనీకే రావాలి. ట్రిప్పు షీటు మీద సంతకం కాలనీ మహిళదే కావాలి.

అద్దె బోరుతో చిక్కు మూడు నెలల్లో తీరుతుంది. పట్టా భూమిలో వేసిన సర్కారు బోరుతో వచ్చే చిక్కు తరాల పాటు ఉంటుంది. పెద్దాయన మంచి మనసుతో "నా చేలో వేసుకోండి" అంటాడు. ప్రజల డబ్బుతో అక్కడే బోరు వేస్తారు, మోటారు దించుతారు, గది కడతారు. కాగితం ముక్క ఒక్కటి కూడా ఉండదు. పెద్దాయన పోయాక కొడుకులు పంచుకుంటారు, లేదా భూమి అమ్ముడుపోతుంది. కొన్నవాడు గేటు పెట్టి తాళం వేస్తాడు. ఊరు దిక్కులు చూస్తుంది, పంచాయతీ దగ్గర చూపించడానికి ఆధారం ఉండదు. సర్పంచులారా, వార్డు సభ్యులారా! రెండు సెంట్లయినా సరే, బోరు చోటును, అక్కడికి పోయే దారిని పంచాయతీ పేరున దానపత్రంగా రిజిస్టరు చేయించిన తరువాతే రిగ్గు బండిని పిలవండి. ఇప్పటికే వేసిన బోర్లకు చోటిచ్చిన పెద్దలు బతికి ఉండగానే ఆ పని పూర్తి చేయండి. చోటిచ్చిన కుటుంబం పేరు బోరు గది మీద రాయించండి. ఆ గౌరవం వారికి దక్కాలి.

ప్రజలారా! ఏప్రిల్ 14న గ్రామసభ ఉంది. ఇంటికొకరు కాదు, ఇంటిల్లిపాదీ రండి. బోరు యజమానులు ముందు వరసలో కూర్చోండి. పాత అద్దె బాకీ ఎంతో పంచాయతీ కార్యదర్శి చేత చదివించండి, ఏ తేదీకి తీరుస్తారో రాయించండి. ఈ వేసవికి ఎవరి బోరు, నెలకు ఎంత అద్దె, మోటారు కాలితే ఎవరు బాగు చేయించాలి, తోటకు ఎన్ని గంటలు, ఊరికి ఎన్ని గంటలు, వానలు పడ్డాక ఏ రోజున బోరు తిరిగి రైతుకు అప్పగించాలి, ఇవన్నీ అందరి ముందు తేల్చండి. ఇరువైపులా సంతకాలతో ఒక కాపీ రైతుకు, ఒకటి పంచాయతీకి, ఒకటి గ్రామీణ నీటి సరఫరా ఇంజినీరుకు ఇవ్వండి. చూద్దాం, చేద్దాం అంటే ఒప్పుకోవద్దు. తీర్మానాన్ని మినిట్స్ పుస్తకంలో రాసి, పైకి చదివి వినిపించేదాకా ఎవరూ లేవకండి!

ఇట్లు,
తాగునీటి కోసం కదిలిన గ్రామస్థులు