ఉట్టి లూసీ మొగుడేనా?

అమెరికన్ టీవీ చరిత్ర అనగానే లూసిల్ బాల్‌ని ఆకాశానికెత్తేసి, డెసీ ఆర్నాజ్‌ని "ఆవిడ మొగుడు" అని తేల్చేస్తారు. నాకు ఒళ్ళు మండేది అందుకే.

1951లో 'ఐ లవ్ లూసీ'ని న్యూయార్క్ నుంచి లైవ్‌గా చెయ్యమన్నారు. మొగుడూ పెళ్ళాం హాలీవుడ్ వదలమన్నారు. 35 ఎంఎం ఫిల్మ్ మీద, మూడు కెమెరాలతో, ప్రేక్షకుల ముందే తీస్తామన్నారు. (మూడు కెమెరాలకీ ఒకేసారి పనికొచ్చే లైటింగ్ కుదిర్చింది 'మెట్రోపొలిస్'కి పనిచేసిన కెమెరామన్ కార్ల్ ఫ్రాయిండ్. ఆయన్ని తలుచుకునే నాథుడే లేడు.) ఖర్చెక్కువన్నారు సీబీఎస్ వాళ్ళు. అయితే మా జీతం కొయ్యండి, ఫిల్మ్ హక్కులు మాకివ్వండి అన్నాడు డెసీ. ఇచ్చేశారు! ఒకసారి చూసిన షోని మళ్ళీ ఎవడు చూస్తాడనుకున్నారు కాబోలు.

హైక్ వస్తే చాలు, కోడ్ ఎవడిదైతే నాకేంటి అనుకునే మనమా ఆయన్ని తీసిపారేసేది? కొన్నేళ్ళకి అదే సీబీఎస్ అవే హక్కుల్ని లక్షల డాలర్లు పోసి కొనుక్కుంది.