పాటలో 'నువ్వు' ఎవరు?

విడిపోయిన ప్రేమ మీద ఎవరైనా ఒక పాట రాస్తే చాలు, వినేవాళ్ళలో సగం మంది సీఐడీలైపోతారు. బాణీ ఎలా ఉంది, రెండో చరణంలో మాట ఎక్కడ విరిచింది, అవన్నీ తర్వాత సంగతి. ముందు వాడి పేరు కావాలి. మా టీమ్‌లో కుర్రాళ్ళు టేలర్ స్విఫ్ట్ పాటల మీద లంచ్ టేబుల్ దగ్గర చేసే రూట్ కాజ్ అనాలిసిస్‌లో పదో వంతు ప్రొడక్షన్ ఇష్యూల మీద చేస్తే, మేం శనివారాలు ఆఫీసుకి రానక్కర్లేదు.

నా గొడవేంటంటే, "ఇది ఎవడి గురించి?" అన్న ప్రశ్నే సరైంది కాదు. పాటలో 'నువ్వు' అనేది మనిషి కాదు, ముసుగు. దాని వెనక ఒకడుండొచ్చు, ముగ్గురుండొచ్చు, అసలెవరూ లేకపోవచ్చు కూడా.

ముగ్గురు అని ఊరికే అనలేదు. కార్లీ సైమన్ 1972 లో 'యూ ఆర్ సో వెయిన్' అని ఒక పాట విడుదల చేసింది. తన అందం చూసుకుని తనే మురిసిపోయే మాజీ ప్రియుడిని దులిపేసే పాట. వాడెవడో ఆవిడ చెప్పలేదు. ఇక చూస్కోండి, అమెరికాలో దశాబ్దాల పాటు అదో జాతీయ పజిల్ అయిపోయింది. మిక్ జాగర్ అన్నారు కొందరు (అతనేమో అదే పాటలో వెనకాల కోరస్ పాడాడు, అదో తమాషా). వారెన్ బేటీ అన్నారు ఇంకొందరు. 2003 లో ఆ రహస్యాన్ని ఒక చారిటీ కోసం వేలం వేస్తే, డిక్ ఎబర్సోల్ అనే టీవీ పెద్దమనిషి 50 వేల డాలర్లకి పాడుకున్నాడు, అదీ ఎవరికీ చెప్పకూడదన్న షరతు మీద! చివరికి 2015 లో ఆవిడే చెప్పింది: రెండో చరణం వారెన్ బేటీ గురించి, మిగతావి వేరే ఇద్దరి గురించి అని. అంటే నలభై ఏళ్ళకి పైగా జనం ఒక్కడి కోసం వెతికారు. అక్కడున్నది ముగ్గురు. పాటలో మాత్రం వాళ్ళంతా కలిసి ఒకే 'నువ్వు'.

ఈ సంగతి చదివినప్పుడు నాకు వెంటనే గుర్తొచ్చింది మార్వెల్ వాళ్ళ మూన్ నైట్. ఒకే ముసుగు కింద చాలామంది అంటే ఆయనే మరి. మనవాళ్ళకి ఈ లైన్ చెప్తే "ఓహో, అపరిచితుడు" అంటారు. 2005 నుంచీ మనకి ఒంట్లో ఇద్దరు ముగ్గురున్న మనిషంటే విక్రమే. కానీ మూన్ నైట్ కథ ఇంకొంచెం చిక్కుగా ఉంటుంది.

1975 లో 'వేర్‌వుల్ఫ్ బై నైట్' కామిక్ 32వ సంచికలో డగ్ మోంచ్, డాన్ పెర్లిన్ ఇతన్ని తెచ్చారు. మార్క్ స్పెక్టర్ డబ్బుకి యుద్ధాలు చేసే కిరాయి సైనికుడు. స్టీవెన్ గ్రాంట్ కోటీశ్వరుడు. జేక్ లాక్లీ టాక్సీ డ్రైవర్. మొదట్లో ఇవి ఉత్తి మారువేషాలు. పెద్దవాళ్ళ పార్టీలకి వెళ్ళాలంటే స్టీవెన్, వీధుల్లో కబుర్లు కావాలంటే జేక్. మన భాషలో చెప్పాలంటే ఒకే యూజర్‌కి మూడు లాగిన్లు. తర్వాత వచ్చిన రచయితలు ఆ మారువేషాలనే మానసిక రుగ్మతగా మార్చారు. 2011 లో బెండిస్ వచ్చి అతని తలలో స్పైడర్‌మాన్, కెప్టెన్ అమెరికా, వుల్వరిన్ మాట్లాడుతున్నట్టు రాశాడు. 2016 లో జెఫ్ లెమీర్ కథని పిచ్చాసుపత్రిలో మొదలుపెట్టి, స్టీవెన్ ఎప్పుడో చిన్నప్పటి నుంచే ఉన్నాడన్నాడు. ఖోన్షూ అనే ఈజిప్టు చంద్రదేవుడు నిజంగా ఉన్నాడా, ఇతని భ్రమా అన్నది చాలాకాలం అటూ ఇటూ కాకుండానే నడిపారు. ఒకళ్ళు రాసిన కోడ్ మీద ఇంకొకళ్ళు ప్యాచ్ వేసుకుంటూ పోయారన్నమాట. డాక్యుమెంటేషన్ ఎవరూ పెట్టలేదు.

అభిమానులు మాత్రం ఆ మూడింటిలో అసలు ఎవరు, నకిలీ ఎవరు అని కొట్టుకుంటూనే ఉంటారు.

ఆ ప్రశ్నకి 2022 లో వచ్చిన టీవీ సీరీస్ ఒక జవాబిచ్చింది. నాకు తెలిసి అంతకన్నా మంచి జవాబు లేదు. మొదటి ఎపిసోడ్ నుంచీ మనం స్టీవెన్‌తోనే ఉంటాం. కోటీశ్వరుడు కాదిక్కడ, లండన్ మ్యూజియంలో బొమ్మల కొట్టులో పనిచేసే అమాయకుడు. ఐదో ఎపిసోడ్‌లో తెలుస్తుంది, అసలు మనిషి మార్క్ అని. తమ్ముడు గుహలో నీళ్ళలో మునిగి చనిపోతే, తల్లి ఆ నేరమంతా మార్క్ మీద వేసి హింసించింది. ఆ పసివాడు తట్టుకోలేక తయారు చేసుకున్న మనిషి స్టీవెన్. తను 'తయారైనవాడిని' అని స్టీవెన్‌కి తెలిసే సీన్ చూడండి. ఆస్కార్ ఐజాక్ ఇద్దరుగానూ తనే ఎదురెదురుగా నిలబడి చేశాడు. ఇప్పుడు చెప్పండి, స్టీవెన్ కల్పితం అని తేలాక మీకు అతని మీద ప్రేమ తగ్గిందా? నాకైతే ఇంకా పెరిగింది. ఒరిజినల్ కానంత మాత్రాన అతని బాధ అబద్ధమైపోలేదు.

పాటలో 'నేను', 'నువ్వు' కూడా ఇలా తయారైనవాళ్ళే. మనకి సినిమా పాటల అలవాటు ఉంది కాబట్టి ఇది సులువుగా అర్థం కావాలి నిజానికి. 'ప్రేమనగర్' (1971) తీసుకోండి. కథ కోడూరి కౌసల్యాదేవి నవల. పాటలు ఆత్రేయ, బాణీలు మహదేవన్, గొంతు ఘంటసాలది, తెర మీద సీసా పట్టుకుని కుమిలిపోయేది అక్కినేని. ఆ బాధ ఎవరిది మరి? ఐదుగురు కలిసి తయారు చేసిన కల్యాణ్‌ది. ఏ కల్యాణూ లేడు. అయినా మా నాన్నగారి తరం మొత్తం ఆ పాటలు వింటూ కళ్ళు తుడుచుకుంది, ఎవరి కారణాలు వాళ్ళకుంటాయి. అమెరికాలో సొంతంగా రాసుకుని పాడేవాళ్ళ దగ్గరికి వచ్చేసరికి ఈ ఇంగితం పోతుంది. రాసిందీ పాడిందీ ఒకరే కాబట్టి అది డైరీ అనుకుంటారు.

స్విఫ్ట్ 'ఆల్ టూ వెల్' పాటనే చూడండి. 2012 లో ఐదున్నర నిమిషాలు. 2021 లో పది నిమిషాల వెర్షన్ వచ్చి బిల్‌బోర్డ్‌లో మొదటి స్థానానికి ఎక్కింది. దీన్ని అందరూ డైరీలో పేజీ అనుకుంటారు, కానీ దానికి లిజ్ రోజ్ అని సహ రచయిత్రి ఉంది. డైరీకి సహ రచయిత ఉంటారా ఎక్కడైనా! ఇంకా విచిత్రం 2020 లో వచ్చిన 'ఎగ్జైల్'. విడిపోయిన జంట పాట. స్విఫ్ట్‌తో కలిసి దాన్ని రాసినవాళ్ళలో విలియం బోవరీ అని ఒక పేరుంది, అది మారుపేరు. అభిమానులు కూపీ లాగి, అది అప్పటి ప్రియుడు జో ఆల్విన్ అన్నారు. కరెక్టే, ఆవిడే తర్వాత ఒప్పుకుంది. అంటే చక్కగా కలిసున్న ఇద్దరు కూర్చుని విడిపోవడం గురించి రాశారు. ఆ తర్వాత 2023 లో వాళ్ళు విడిపోయారని వార్త రాగానే, "చూశారా, అప్పుడే చెప్పింది" అని పాత పాటల్లో సూచనలు ఏరడం మొదలైంది. దీన్ని మనం ఓవర్‌ఫిటింగ్ అంటాం. ఆ మోడల్‌కి ఏ డేటా ఇచ్చినా సరిపోతుంది, అదే దాని జబ్బు.

"మరి ఆవిడే కదా క్లూలిచ్చేది?" అంటారు. ఒప్పుకుంటాను. 2006 లో మొదటి ఆల్బమ్ నుంచి 2014 దాకా బుక్‌లెట్లలో పెద్దక్షరాల్లో రహస్య సందేశాలు దాచింది ఆవిడే. వెతకడం నేర్పి, తర్వాత వెతక్కండి అంటే ఎవరు వింటారు? ఇందులో ఆవిడ వ్యాపారమూ ఉంది, అది దాచాల్సిన పన్లేదు.

కానీ బిల్లు కట్టేది వేరేవాళ్ళు. ఆ పది నిమిషాల పాట వచ్చాక జనం జేక్ జిలెన్‌హాల్ మీద పడ్డారు. ఆవిడ ఎప్పుడూ పేరు చెప్పలేదు. అతను 2022 లో ఎస్క్వైర్ పత్రికతో, ఆ పాటకీ నాకూ సంబంధం లేదు, అది ఆవిడకీ ఆవిడ అభిమానులకీ మధ్య వ్యవహారం, అభిమానులు హద్దు దాటినప్పుడు కళాకారులకీ బాధ్యత ఉంటుంది అన్న అర్థంలో మాట్లాడాడు. (అన్నట్టు, 2019 స్పైడర్‌మాన్ సినిమాలో దొంగ సూపర్‌హీరో మిస్టీరియో ఈయనే. వేరే లోకం నుంచి వచ్చానని అందరినీ నమ్మిస్తాడు. నమ్మేవాళ్ళుంటే గుర్తింపు ఎలాగైనా పుడుతుందని ఆయనకంటే ఎవరికి బాగా తెలుసు!) 2010 నాటి 'డియర్ జాన్' పాటది ఇంకో కథ. అది జాన్ మేయర్ గురించేనని లోకమంతా తీర్మానించేసింది. ఆ ఆల్బమ్‌ని మళ్ళీ రికార్డు చేసి విడుదల చేసే ముందు, 2023 జూన్‌లో మినియాపోలిస్ స్టేజీ మీద ఆ పాట పాడుతూ స్విఫ్టే జనాన్ని బతిమాలింది. పంతొమ్మిదేళ్ళప్పుడు జరిగినవాటిని నేను వదిలేశాను, ఆ పాటలు ఫలానావాళ్ళ మీద అనుకుని మీరు నా తరఫున ఇంటర్నెట్‌లో యుద్ధాలు చేయొద్దు అని దాని సారాంశం.

మూన్ నైట్ అభిమానులు స్టీవెన్ గొప్పా జేక్ గొప్పా అని ఎంత కొట్టుకున్నా, ఫోన్ చేసి తిట్టడానికి ఏ జేకూ దొరకడు. పాట దగ్గర దొరుకుతాడు. అందుకని నేను కుర్రాళ్ళకి చెప్పేది ఇంతే: సిద్ధాంతాలు కట్టండి, నేనూ కడతాను, ఆ ఎర్ర కండువా గురించి నా దగ్గరా ఒకటుంది. కానీ చివర్లో పేరు రాసే గడి ఖాళీగా వదిలేయండి. కార్లీ సైమన్ పాటలో మిగతా ఇద్దరెవరో 2015 లో కూడా ఆవిడ చెప్పలేదు. వారెన్ బేటీ మాత్రం పాటంతా తన గురించే అనుకుంటున్నాడని మాత్రం చెప్పింది.