కేంద్రం అంటే ములుగర్ర

"కేంద్రం నిధులివ్వట్లేదు" అని న్యూస్‌లో రోజూ వింటాం కదా, ఆ కేంద్రం అసలు గ్రీకు మాట. 'కెంట్రాన్' అంటే గుచ్చే మొన. ఎద్దుల్ని, గుర్రాల్ని పొడిచి తోలే ములుగర్రకీ అదే పేరు. యూక్లిడ్ వృత్తం మధ్య బిందువుని కూడా ఆ మాటతోనే చెప్తాడు. అది జ్యోతిషంతో పాటు సంస్కృతంలోకి, అక్కణ్ణుంచి తెలుగులోకి వచ్చింది. ఇంగ్లీష్ 'సెంటర్' కూడా దాని పిల్లే.

ఇది చెప్పగానే ఒకళ్లు "అంతా మన దగ్గర్నుంచే పోయింది" అంటారు, ఇంకొకళ్లు "అంతా కాపీనే" అంటారు. నాకు రెండూ విసుగే. ఆరో శతాబ్దపు వరాహమిహిరుడికి ఈ గొడవ లేదు. యవనులు మ్లేచ్ఛులైనా ఈ శాస్త్రం వాళ్ల దగ్గర బాగా ఉంది కాబట్టి ఋషుల్లా గౌరవిస్తారని బృహత్సంహితలో ఉంది. బృహజ్జాతకంలో రాశులకి గ్రీకు పేర్లు కూడా ఇచ్చాడు. మేషం 'క్రియ', వృషభం 'తావురి'. కుంభానికి గ్రీకు పేరు 'హైడ్రోఖోస్', అది కాస్తా సంస్కృతంలో 'హృద్రోగం' అయి కూర్చుంది! (నాది కుంభరాశే. ఏం చేస్తాం.)

కానీ మాట మూలం తెలిస్తే నిజంగా లాభపడేది కథ. మనకి గ్రీకు పురాణాలు గేమ్స్‌లోంచి, రీల్స్‌లోంచి వస్తాయి. ఈడిపస్ అంటే తెలియక తండ్రిని చంపాడు, తల్లిని పెళ్లాడాడు, అంతా విధి, అయిపోయింది. సోఫోక్లిస్ నాటకంలో ఈడిపస్ తనే భార్యకి చెప్పుకుంటాడు. మూడు దార్లు కలిసే చోట బండిలో ఒక ముసలాయన ఎదురొచ్చాడు, దారి నుంచి తోసేయబోయారు, ఆ ముసలాయన తన నడినెత్తి మీద కొట్టాడు. దేంతో? రెండు మొనల కెంట్రాన్‌తో. తను కొరింథ్ రాజు కొడుకునని నమ్ముతున్న కుర్రాణ్ణి పశువుని తోలే కర్రతో కొట్టారు! ఆ కోపంలో అందర్నీ చంపేశానంటాడు. నా దృష్టిలో అక్కడ విధి కంటే ఆ అవమానమే ఎక్కువ పని చేసింది.

చివర్లో నిజం తెలిసి, భార్య చీరపిన్నులతో కళ్లు పొడుచుకుని బయటికొస్తాడు. ఆ పోటుకి వాడిన మాట మళ్లీ కెంట్రానే. తండ్రి కొట్టిన కర్ర, తన కళ్లలో దిగిన పిన్ను, రెండూ ఒకటే మాట. అనువాదంలో ఒకచోట ఒక పదం, ఇంకోచోట ఇంకో పదం పడితే ఈ ముడి మనకి కనపడనే కనపడదు. సమ్మరీలో అయితే కర్రే ఉండదు. అందుకే పది సమ్మరీలు చూసే బదులు ఒక్క నాటకం మాట మాటా పట్టుకుని చదవడం మేలంటాను.

గ్రీకు రాదు కదా అంటారా? నాకూ రాదు. ఆల్ఫా, తీటా, లాంబ్డా అంటూ సగం అక్షరాలు మ్యాథ్స్‌లో ఎలాగూ చూశాం. టఫ్ట్స్ యూనివర్సిటీ వాళ్ల పెర్సియస్ లైబ్రరీలో మూలం ఫ్రీగా ఉంది, ఏ మాట మీద క్లిక్ చేసినా అర్థం వస్తుంది. ములుగర్ర 809వ లైన్లో ఉంది, కళ్లు 1318లో.