సృష్టిలో పాఠములు: పగటి తెర



ట్రాన్సిస్టరు రేడియో ఉన్న ఇండ్లలో పెరిగిన మనకు ఈ సంగతి తెలుసు. మీడియం వేవ్ మీద పగలు దగ్గరి ఆకాశవాణి కేంద్రము తప్ప మరేదీ సరిగా పలికేది కాదు. ప్రొద్దు గుంకగానే దూరపు కేంద్రములెన్నో పలికేవి. శ్రీలంకలోని పుత్తలము నుండి ట్రాన్స్ వరల్డ్ రేడియో 882 కిలోహెర్ట్జ్ మీద పంపిన సువార్త కార్యక్రమములు రాత్రివేళ సముద్రము దాటి మన దేశమునకు చేరేవి.

దీనికి కారణము మన తలల పైన 60 నుండి 90 కిలోమీటర్ల ఎత్తున ఉంది. సూర్యకిరణములు తగిలి అక్కడి గాలి కణముల నుండి ఎలక్ట్రానులు విడిపోతాయి. అయనావరణములో అన్నిటికంటె క్రిందిదైన ఈ పొరను డి పొర అంటారు. రేడియో తరంగము ఆ ఎలక్ట్రానులను ఊపుతుంది. అవి గాలి కణములను గుద్దుకొని ఆ శక్తిని వేడిగా పోగొడతాయి. కేంద్రము పలుకుతూనే ఉంటుంది, మాట మాత్రము దారిలోనే ఇంకిపోతుంది.

చీకటి పడగానే ఎలక్ట్రానులు తిరిగి కణములతో కలిసిపోతాయి, ఆ పొర దాదాపు లేకుండ పోతుంది. అప్పుడు తరంగము ఇంకా పైనున్న పొరలను చేరి, అక్కడ నుండి మరలి దూరదేశములో దిగుతుంది. అట్టి పై పొర ఉన్నదని 1924లో ఇంగ్లాండులో ప్రయోగము చేసి చూపిన ఎడ్వర్డ్ ఆపిల్టన్ 1947లో నోబెల్ బహుమతి పొందాడు.

ఒక్క సంగతి గమనించండి. ఈ తెరను అల్లేది చీకటి కాదు, మన పంటలు పండించే సూర్యుడే.

మన సంగతి కూడ అంతే కదా! అప్పులవాళ్ళు గుమ్మములో నిలిచిన ఏడు, బిడ్డ జ్వరముతో మూలిగిన రాత్రి, మోకాళ్ళమీద ఉన్న మనకు ప్రభువు మాట స్పష్టముగా వినబడింది. పంటకు మంచి ధర పలికిన ఏడు, క్రొత్త ఇంటికి గోడలు లేచిన ఏడు, కుటుంబ ప్రార్థనను రేపటికి వాయిదా వేశాము. దేవుడు మాట్లాడుట లేదని పైగా మనమే అనుకొన్నాము. ఆయన మౌనముగా లేడు. ఆయన ఇచ్చిన మేలులనే మనము తెరగా కట్టుకొన్నాము.

బాలుడైన సమూయేలు పిలుపు విన్నది రాత్రివేళనే. అయితే వినుటకు మనము మరొక కష్టరాత్రి కొరకు ఆగాలా? అక్కరలేదు. దగ్గరి కేంద్రము పగలు కూడ పలుకుతుంది. దాని తరంగము నేలను అంటిపెట్టుకొని వస్తుంది గనుక డి పొరకు చిక్కదు. దగ్గరగా ఉన్నవారికి పగలూ రాత్రీ ఒక్కటే.

ఈ సాయంత్రము భోజనమైన తరువాత టీవీ పెట్టక ముందే ఇంటిల్లిపాదీ కూర్చుందాము. పది నిమిషములు చాలు. ఈ ఏడు పంట బాగుంటే, మరి తప్పక కూర్చుందాము.