ఎండ తగలని చోట పొంచి ఉన్న మచ్చ

మెలనోమా తెల్లవాళ్ల జబ్బన్న ధీమా మనకు చేటు చేయవచ్చు

జమైకాకు చెందిన రెగే గాయకుడు బాబ్ మార్లీ కాలి బొటనవేలికి అయిన పుండును మొదట ఫుట్‌బాల్ దెబ్బగానే భావించారు. 1977లో పరీక్ష చేస్తే గోరు కింద మెలనోమా ఉన్నట్టు తేలింది. వేలు తొలగించాలన్న సలహాకు ఆయన ఒప్పుకోలేదు. 1981 మేలో, 36 ఏళ్లకే కన్నుమూశారు.

చర్మానికి రంగునిచ్చే కణాల్లో పుట్టే కేన్సర్ మెలనోమా. 2020లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 3.25 లక్షల కొత్త కేసులు, 57,000 మరణాలు సంభవించినట్టు అంచనా. తెల్లటి చర్మానికి తీక్షణమైన ఎండ తోడైన ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో దీని తాకిడి ఎక్కువ. మన దేశంలో చాలా అరుదు. నల్లటి, చామనఛాయ చర్మాల్లో దండిగా ఉండే మెలనిన్ ఎండకు గొడుగులా అడ్డుపడటమే కారణం.

కానీ ఎండతో పెద్దగా సంబంధం లేని మెలనోమాలూ ఉన్నాయి. అరికాళ్లు, అరచేతులు, గోళ్ల కింద వచ్చేది అక్రల్ రకం. నోరు, ముక్కు, మలద్వారం, జననాంగాల లోపలి పొరల్లో వచ్చేది మ్యూకోసల్ రకం. వీటి విషయంలో ఆ గొడుగు అక్కరకు రాదు.

అమెరికాలో 1986-2005 మధ్య నమోదైన కేసుల లెక్కలే ఇందుకు సాక్ష్యం. అక్రల్ రకంలో ప్రధానమైన లెంటిజినస్ మెలనోమా నల్లజాతీయుల్లోనూ, శ్వేతజాతీయుల్లోనూ ఏటా 10 లక్షల మందికి 1.8 చొప్పునే కనిపించింది. అయితే మొత్తం మెలనోమాల్లో దీని వాటా నల్లజాతీయుల్లో 36 శాతం, ఆసియా, పసిఫిక్ దీవుల మూలాలున్న వారిలో 18 శాతం కాగా, శ్వేతజాతీయుల్లో 1 శాతమే. ఈ రకం నల్లవారికి ఎక్కువగా వస్తుందని దీనర్థం కాదు. ఎండ వల్ల వచ్చే రకాలు వారిలో తక్కువ కాబట్టి దీని వాటా పెద్దదిగా కనిపిస్తుంది. చైనాలో 522 మంది రోగులను పరిశీలించి 2011లో ప్రచురించిన అధ్యయనంలో అక్రల్ రకం దాదాపు 42 శాతం, మ్యూకోసల్ రకం 23 శాతం ఉన్నాయి.

జబ్బు వచ్చే రేటులో పెద్ద తేడా లేకున్నా బతికి బయటపడటంలో మాత్రం ఉంది. అదే అమెరికా లెక్కల ప్రకారం, లెంటిజినస్ రకం సోకిన శ్వేతజాతీయుల్లో అయిదేళ్ల తర్వాత దాదాపు 83 శాతం మంది ఈ కేన్సర్ బారి నుంచి బయటపడి ఉండగా, నల్లజాతీయుల్లో 77, ఆసియా, పసిఫిక్ మూలాల వారిలో 70 శాతమే. జబ్బు ముదిరాక బయటపడటం ఇందుకో ముఖ్య కారణం. అరికాలి మచ్చను ఆనెకాయ అనుకుంటారు. గోరు నల్లబడితే దెబ్బ తగిలిందనో, ఫంగస్ అనో సరిపెట్టుకుంటారు. మధుమేహం ఉంటే మామూలు పుండేనని కట్టు కట్టించుకుంటారు. మలద్వారం దగ్గర రక్తం పడితే మొలల మందు వాడతారు. ఈలోగా నెలలు గడిచిపోతాయి.

చికిత్సలోనూ చిక్కుంది. శ్వేతజాతీయుల చర్మ మెలనోమాల్లో దాదాపు సగం కేసుల్లో బీరాఫ్ అనే జన్యువులో మార్పు ఉంటుంది. దాన్ని గురిపెట్టే మందులున్నాయి. అక్రల్, మ్యూకోసల్ రకాల్లో ఆ మార్పు తక్కువ. రోగనిరోధక శక్తిని ఉసిగొల్పే కొత్త మందులకూ ఇవి అంతగా లొంగవు. కాబట్టి తొలిదశలో గుర్తించి కోసి తీసేయడమే మేలైన మార్గం.

అలాగని బెంబేలెత్తాల్సిన పనిలేదు. చామనఛాయ వారి గోళ్లపై నల్లటి చారలు మామూలే. అయితే పెద్దయ్యాక ఒకే వేలిగోరుపై కొత్తగా చార వచ్చినా, అది వెడల్పవుతున్నా, గోరు చుట్టూ చర్మానికి పాకినా చర్మవైద్యుణ్ని కలవాలి. అరికాలిలో పెరుగుతున్న మచ్చకూ, ఎంతకీ మానని పుండుకూ ఇదే వర్తిస్తుంది. అవసరమైతే చిన్న ముక్క తీసి బయాప్సీ చేస్తారు. స్నానం చేసేటప్పుడు వారానికోసారి అరికాళ్లు, గోళ్లు చూసుకుంటే చాలు. ఖర్చేమీ లేని ఈ పరీక్షకు పట్టేది ఒక్క నిమిషం.