ఒత్తు జుట్టుకు ఉంగరాలు

మా చెల్లెలి కూతురికి మోకాళ్ళు తాకే జడ. చూసినవాళ్ళు ముచ్చటపడతారు, దానికి మాత్రం ఉంగరాల మీదే మోజు. పెళ్ళి రిసెప్షన్‌కు రెండు గంటలు కూర్చోబెట్టి వేడి కడ్డీతో చుట్టించాం. ఫొటోలు పూర్తికాకుండానే అన్నీ జారిపోయాయి. "దొడ్డమ్మా, భుజాలదాకా కత్తిరించేస్తాను" అని కత్తెర పట్టుకుంది. వాళ్ళమ్మ ఒకటే ఏడుపు!

తప్పు జుట్టుది కాదమ్మా. పొడుగాటి జుట్టుకు దాని బరువే శత్రువు. వేడికీ, తడికీ వెంట్రుకలోని కొన్ని బంధాలు సడలి, చల్లారి ఆరేటప్పుడు ఏ వంపులో ఉంటే ఆ వంపులోనే బిగుసుకుంటాయి. వేడి చల్లారకముందే వేళ్ళు పెట్టి లాగితే ఇంకేముంది?

నాకు మా అమ్మ నేర్పిన పీలికల పద్ధతే నచ్చుతుంది. తలంటుకున్నాక నూనె రాయకుండా ముప్పాతిక వంతు ఆరనివ్వండి. అవిసె గింజలు ఉడికించి వడగట్టిన జిగురు పలచగా పట్టించండి. వేలి లావు మించని పాయలు తీసి, పాత నూలుచీర పీలికలకు కొసనుంచి చుట్టి ముడివేయండి. రాత్రంతా ఉంచాలి. ఒత్తు జుట్టు లోపల ఓ పట్టాన ఆరదు. మొదటిసారి నేను తెల్లవారకముందే విప్పి దానిచేత చీవాట్లు తిన్నాను. విప్పాక దువ్వెన తగలనివ్వకండి.

విశాఖ, కాకినాడ వంటి సముద్రపు ఊళ్ళవారికి ఆ గాలి తేమతో పేచీ తప్పదు. అక్కడ పైసగం ముడివేసి, కిందిసగమే వదలండి, బరువూ తగ్గుతుంది.

మొన్న సీమంతానికి అలాగే చేశాం. హారతి అయ్యేదాకా నిలిచాయి. కత్తెర మా చెల్లెలి బీరువాలోనే ఉంది, తాళం వేసి.